రెండు పోగులు

మొలతాడు విప్పి, రాగిబిళ్ళతో సహా
నా అరచేతిలో పెట్టాడు లెంక సన్యాసప్పడు.
"జాగర్త తల్లీ, మాయమ్మ కట్టిన బిళ్ళ."
ఏసీ గదిలో కూడా అది వెచ్చగా ఉంది.

నెల్లిమర్ల మిల్లులో ముప్పై మూడేళ్ళు.
కార్డింగులో.
గోగునారని ముళ్ళ రోలర్లు దువ్వే చోట,
మనిషికీ మనిషికీ మధ్య నూగు ఎగిరే చోట.
"మా ఆడది గుమ్మంలోనే నిలబెట్టి
సీపురుతో దులిపీసేది నన్ను.
లోపలికెల్లిపోయిందాన్ని
ఏ సీపురు దులుపుతాది?"

పోయినసారి ఎక్కడో స్కానింగులో
ఊపిరి బిగబట్టమన్నారట, ఇరవై అంకెలు.
తొమ్మిదికే దగ్గు తన్నుకొచ్చింది.
బొమ్మ నిండా చెదిరిన దగ్గే, తను లేడు.
"పరిచ్చ తప్పినట్టు సిగ్గేసిందమ్మా."

ఈసారి నేను చెప్పాల్సింది ఒక్కటే:
"ఏమీ చెయ్యకండి."
నమ్మలేదు.
"ఏటీ సెయ్యకపోతే ఎలగ?"
"ఇంట్లో పడుకున్నట్టే. గాలి తనే వస్తుంది, తనే పోతుంది."
"సూది?"
"లేదు."
"ముక్కుకి గొట్టం?"
"అదీ లేదు."
"మరి నా ఊపిరి సంగతి దానికెలగ తెలుస్తాది?"

ఫైళ్ళకు కట్టిన పురికొస కనిపించింది.
"దీంట్లో రెండు పోగులు మెలేసి ఉన్నాయి కదా,
మీ రొమ్ములోనూ అంతే.
నిదానంగా సాగేది ఊపిరి,
గబగబా సాగేది గుండె.
మిషను రెండిటినీ కలిపే పడుతుంది.
తర్వాత కంప్యూటరు మెలి విప్పుతుంది."
కొస నలిపి చూశాడు, వాసన చూశాడు.
"ఇది మా గోగు కాదు. బెంగాలు జనపనార," అని
వెళ్ళి పడుకున్నాడు.

మొదలైంది డగడగ.
ఆ చప్పుడుకి ఎంతమంది గంట నొక్కేశారో,
ఎంతమంది దేవుళ్ళని పిలిచారో!
ఈయన ఊపిరి గీత మాత్రం
ఒక నిమిషం గతుకుల్లో నడిచి
రెండో నిమిషానికి రోడ్డెక్కింది.
అద్దంలోంచి చూస్తే
బొటనవేలు తాళం వేస్తోంది.

వదిలిన ఊపిరికి లోపలంతా కాస్త తెల్లబడుతుంది,
పీల్చిన ఊపిరికి నల్లబడుతుంది.
వందల బొమ్మల్లో వెతికేది ఆ తేడానే.
మారే చోట గాలి కాపురముంది.
మారని చోట,
అదీ, కుడి అడుగున, పిడికెడంత,
రంగు పడని మూల.
లాకౌటు బోర్డు పెట్టిన షెడ్డు.
చుట్టుపక్కలవి నడుస్తున్నాయి,
కొన్ని కుంటుతూ,
ఎడమ పైభాగం ఒక్కటే ఓవర్‌టైం చేస్తూ.

నాకు తెలుసు. చెప్పకూడదు.
చెప్పడం డాక్టరుగారి పని.

బల్ల బయటికి రాగానే కళ్ళు నులుముకున్నాడు.
"కునుకట్టీసిందమ్మా. బీ షిప్టు అనుకున్నాను.
సైరను కూసినాక లెగుద్దామని."
కాసేపాగి, "పాసయినానా?"
"బాగా పడుకున్నారు," అన్నాను.
అబద్ధం కాదు, జవాబూ కాదు.

బిళ్ళ తిరిగిచ్చాను.
ఇంతసేపూ నా జేబులో ఉండి
నా వేడి పట్టింది దానికి.
గోడవైపు తిరిగి
మొలతాడు ముడేసుకోడానికి
పొట్ట లోపలికి లాగి
ఊపిరి బిగబట్టాడు,
ఎవరూ చెప్పకుండానే.

నాకు తెలీకుండానే లెక్కపెట్టాను.
నాలుగు.