చీటీ మీద చేతిరాత

కందుకూరు పొగాకు వేలం కేంద్రం గేటు దగ్గర
పెంచలయ్య కుర్చీకి ఒక కాలు పొట్టి.
కింద మడతేసిన గోనె ముక్క.
బేళ్ళ ట్రాక్టరు ఆగితే లేచి
పాసుపుస్తకం చూస్తాడు, ఫోటో చూస్తాడు,
మనిషిని చూస్తాడు, మళ్ళీ ఫోటో చూస్తాడు.
అప్పుడు పచ్చ చీటీ మీద
పేరొక్కటే రాసి లోపలికి పంపుతాడు.

లోపల వజ్రమ్మ తలెత్తదు.
ఎవరని అడగదు.
ఆ వంకర తలకట్లు ఆమెకు తెలుసు.
అంతే, తూకం మొదలు.

మేడ మీద నేను రాసే ప్రోగ్రాముదీ ఇదే పద్ధతి.
ముందు నిలబడ్డ వెబ్ సర్వరు పాస్‌వర్డు అడుగుతుంది,
సరిపోతే పేరుని ఒక హెడరులో పెట్టి
వెనకున్న అప్లికేషన్‌కి అందిస్తుంది.
ఇది చీటీ చదువుతుంది, తలుపు తీస్తుంది.
మూడు నెలలు ఎంత ముచ్చటగా ఉందో నాకు.

మొన్న రాత్రి కరెంటు పోయొచ్చాక
ఊరికే, పక్క పోర్టు తట్టాను.
సర్వరు మొహం చూడకుండా, నేరుగా.
చేతిలో నేనే రాసుకున్న చీటీ:
సూపరింటెండెంటు గారి పేరు.

"నమస్కారం సార్" అంది తెర.

గ్రేడు మార్చొచ్చు. ధర మార్చొచ్చు.
చలికాలమంతా బ్యారన్ పొయ్యి ముందు
నిద్ర కాచిన రైతు లెక్కని
ఒక్క మీటతో ఇంకొకడి ఖాతాలో పడెయ్యొచ్చు.
ఫ్యాను తిరుగుతూనే ఉంది, వీపంతా చెమట.

తెల్లారి టీకి దిగితే గేటు దగ్గర గొడవ.
తెల్లచొక్కా దళారి ఒకడు
ముందే రాసి తెచ్చుకున్న చీటీ ఊపుతున్నాడు.
పచ్చ కాగితమే. ముత్యాల్లాంటి అక్షరాలు.
పెంచలయ్య చదవను కూడా చదవలేదు,
రెండుగా చించి జేబులో వేసుకున్నాడు.
"పేరు నువ్వు చెప్పబ్బయా.
రాసేది మాత్రం నేను."

టీ తాగకుండానే మెట్లెక్కాను.
బయటినుంచి ఎవరు ఆ హెడరు పట్టుకొచ్చినా
ముందు చించెయ్యమని, తర్వాతే నీ చేత్తో రాయమని
సర్వరుకి రెండు లైన్లు.
పక్క పోర్టుకి గడియ.
మళ్ళీ దొంగ చీటీతో వెళ్ళి తట్టాను,
నా మొహం మీదే మూసుకుంది.
అంత హాయి ఎప్పుడూ లేదు.

సాయంత్రం ఆయన్ని కూడా చేరుద్దామని
వాడుకదారుల పట్టిక తెరిచాను.
కాంట్రాక్టు మనిషంట,
ఏ వరసలోనూ రాయడానికి లేదంట.
కిటికీలోంచి చూస్తే
ఆఖరి ట్రాక్టరు దుమ్ము ఇంకా దిగలేదు.
పెంచలయ్య గోనె ముక్క సర్దుకుని కూచుని
పొద్దున చించిన చీటీ వెనక
బీడీల బాకీ రాసుకుంటున్నాడు.