మూడో ప్రతి

చేతులు కాలాక ఆకులు పట్టుకుందామన్నా
చెట్టే అపురూపమైన దీవి హేమాయ్.
కొండ పగిలిన రాత్రి స్టెయిన్‌వోర్ తల్లి
పడవెక్కుతూ చంకలో ఇరికించుకున్నది ఇస్త్రీపెట్టె.
ఫొటోల ఆల్బమ్ బల్ల మీదే ఉండిపోయింది,
ఇంకా అక్కడే ఉండాలి, ఇరవై అడుగుల బూడిద కింద.

అందుకని కూతురు మూడు చోట్ల దాస్తుంది.
కంప్యూటర్లో ఒకటి.
మెట్ల కింద, రబ్బరు బూట్ల పక్కన, నల్లటి డిస్కులో ఒకటి.
రాత్రి రెండింటికి అది తనంతట తాను మేలుకుని
పగలు రాసినదంతా నెమరేసుకుంటుంది.
మూడోది ఉన్ని మేజోడులో చుట్టి
నెలకోసారి ఫెర్రీలో అవతలి ఒడ్డుకి,
పినతండ్రి కొడుకు ఔథున్ ఇంటికి.
కొత్తది రొట్టెల డబ్బాలో పెట్టి
పాతది తిరిగిచ్చేవాడు. కాఫీ పోసేవాడు.

అదేం గొప్ప సొత్తు కాదు.
వీధిదీపాలకి దారి తప్పి రోడ్ల మీద పడ్డ
పఫిన్ పిల్లల బరువులు, ఇరవై రెండేళ్లవి.
రెండువందల అరవై గ్రాములు. రెండువందల ముప్ఫై ఒకటి.
ఎడమ రెక్కకి నూనె.
తెచ్చినవాడు బిర్కిర్, ఏడేళ్లు, బొటనవేలికి గాటు.

జూన్‌లో తాత పడవ ఎవరిదన్న మాట వచ్చింది.
మాటామాటా పెరిగింది. కాఫీ కప్పులోనే చల్లారింది.
జూలైలో ఫెర్రీ ఎక్కలేదు. ఆగస్టులోనూ.
సెప్టెంబరులో
గాలి బాగోలేదని తనకి తనే చెప్పుకుంది.

అక్టోబరులో, నిద్రమత్తులో, ఒక వేలు జారింది.
ఇరవై రెండేళ్లూ ఒక్క నొక్కుతో ఊడ్చుకుపోయాయి.
మెట్ల కింది డిస్కు నమ్మినబంటు:
రెండింటికి లేచి
ఆ ఊడ్పుని కూడా పొల్లుపోకుండా నకలు తీసింది.

ఫెర్రీలో వాంతి చేసుకుంది, ఎన్నడూ లేనిది.
ఔథున్ ఏమీ అడగలేదు. డబ్బా మూత తీసి
డిస్కు మీది రొట్టె తునకలు ఊదాడు.
"పడవ అడుగు పుచ్చిపోయింది," అన్నాడు కాసేపటికి,
"నీకూ వద్దు, నాకూ వద్దు."

జూన్ దాకా అన్నీ ఉన్నాయి. ఆపైన లేవు.
తగువు ఎంత పొడుగో
సరిగ్గా అంత ఖాళీ.

ఊళ్లో పిల్లలందర్నీ అడిగింది. ఎవరికీ గుర్తులేదు.
ఉన్నూర్ ఒక్కతే, అరచేతులు దోసిలి పట్టి చూపించి
"నాది బరువే. చాలా," అంది.
అంకెలు రాసే గడిలో ఆమె అలాగే రాసింది: చాలా.

మిగతా గడులు పూడ్చలేదు, చెరపలేదు.
ఇప్పుడా ఖాళీకి మూడు ప్రతులున్నాయి,
ఒకటి రొట్టె వాసనతో.