నాలుగు వందల పదిహేడు

కోస్గిల ఎరువుల దుకాణం మీద మా ఆఫీసు.
మెట్లెక్కుతుంటె యూరియా వాసన.
పైన రెండు కుర్చీలు, ఒక బీరువ,
బీరువల ఆరు వందల మంది పిల్లలు.

ఒక్కో పిల్లకు ఒక్కో ఫైలు.
ఏడాదికొక ఫొటో, తల దువ్వి, గోడకు నిలబెట్టి.
నవ్వమంటం. మరీ నవ్వితె మల్ల తీస్తం.
ఫొటోల చెప్పులు కనబడాల్నా వద్దా అని
ఒకసారి పెద్దసార్లు అరగంట మాట్లాడుకున్నరు.

నా పని తర్జుమ.
కుర్వ అంజిలమ్మ, ఐదో తరగతి,
నంబరు నాలుగు వందల పదిహేడు,
తెలుగుల రాస్తది, నేను ఇంగ్లీషు చేస్త.
అది నార్వేల మారిట్ అనే ముసలామెకు చేరుతది.
నెలనెలా ఆమె బ్యాంకుల నుంచి ఇంత అని కోసుకుంటరు.
మా లెక్కల ఆమె దాత,
అంజిలమ్మ నోట్ల మారెట్టమ్మ.

నీకు ఏ కాలమంటె ఇష్టమని మారెట్టమ్మ అడిగింది.
పిల్ల రాసింది:
'బొంబాయి బస్సు తిరిగొచ్చే కాలం.
అమ్మ దిగుతది. చేతులు సిమెంటు వాసనొస్తయి.
మూడు దినాలు ఆమె పక్కన్నే పంట.'
దాతల మనసు కష్టపెట్టొద్దని రూలున్నది.
నేను రాసిన: వానకాలం.

జవాబొచ్చింది:
'మా దగ్గర రోజూ వానే, నాకు విసుగు.
నీ ఉత్తరం చదివినంక కిటికి తెరిచి చూసిన.'
అది చదివి వినిపిస్తె
అంజిలమ్మ చాలాసేపు పెన్సిలు కొరికింది.
'రోజూ వాన పడితె ఆళ్లు యాడికి వలస పోతరు?'
ఆ మాట నేను పంపలే.
కార్డుల జాగ లేదని నాకు నేనే చెప్పుకున్న.

ఈ ఎండల ముందు ఒక మెయిలు.
మారెట్టమ్మకు పింఛను సాల్తలేదట,
ముసలోళ్లుండే హోముకు మారిందట.
మా పట్టికల దానికి ఒకటే మాట, డ్రాపౌట్.
బడి మానేసిన పిల్లలకు గూడ అదే రాస్తం.

వారం తిరక్కముందే కొత్త భాగస్వామి దొరికింది,
ఒక సబ్బుల కంపెని.
ఒక్క సంతకంతోని మూడు వందల మందిని తీసుకున్నది.
హైదరాబాదు నుంచి నలుగురొచ్చి బడిగోడకు నీలం రంగేసిన్రు,
చేతులు కడిగే నల్లాల మీద కంపెని పేరు.
నేను చదివిన బడిల నల్లా లేకుండె,
గందుకే ఎగతాళి చెయ్య. నీళ్లు నీళ్లే.
కాని వాళ్లకు ఉత్తరాలక్కర్లేదు.
మూడు నెలలకొకసారి ఎందరు పిల్లలు,
ఎన్ని చేతులు, గంతే.

నా కొలువు మటుకు ఉన్నది. చేతులు లెక్కబెడుతున్న.

నిన్న అంజిలమ్మ మెట్లెక్కొచ్చి
టేబులు మీద సత్తు డబ్బ పెట్టింది.
మూత తీస్తె కందులు, సేరుకు కొంచెం తక్కువ.
'మారెట్టమ్మకు పైసల్లేవంట గద, ఇయి పంపు.
పప్పు ఉడికేదాంక చింతపండు వెయ్యొద్దని రాయి,
అవ్వ చెప్పమన్నది.'

పిల్లల నుంచి దాతకు పోయే పద్దు మాకు లేదు.
దాత చిరునామ పిల్లకియ్యొద్దు.
ఆ రూలుబుక్కు తెలుగు చేసింది నేనే.
రశీదు పుస్తకం తెరిచి, పెన్ను పట్టుకొని,
ఏం రాయాల్నో తెల్వక అట్లనే కూసున్న.

ఆ పిల్ల సగం మెట్లు దిగి మల్ల ఎక్కొచ్చింది.
'సారూ, డబ్బ మాత్రం తిరిగి పంపమని రాయి.
అది అవ్వది.'