పదకొండు అడుగులు

సాయంత్రం ఆరు దాటాకే వెళ్ళాను బీసెంట్ రోడ్డుకి.
పొద్దున పూట పాదం అబద్ధం చెబుతుంది.
రోజంతా సింగ్ నగర్ వీధుల్లో
టీకాల పెట్టె మోసి తిరిగాక గానీ
దాని అసలు కొలత బయటపడదు.

నలభై మూడేళ్ళ ఆడమనిషి
కొండల్లో పరుగెత్తే బూట్లు అడిగితే
ముందు "వాకింగ్‌కా అక్కా" అన్నాడు జిలానీ,
తర్వాత "మీ అబ్బాయికా" అన్నాడు,
ఆ తర్వాత అటక మీంచి నాలుగు పెట్టెలు దించాడు.

మొదటి జత గులాబీ రంగు. ఆడవాళ్ళ మోడలట.
వేళ్ళ కొసలు వెళ్ళి గోడకు తగిలాయి.
దిగుడులో ఇట్లా తగిలితే గోరు నల్లబడి ఊడుతుంది,
కొండపల్లి కోట దారి నాకింకా రెండు గోళ్ళు బాకీ.

రెండోది మెత్తన. ఎంత మెత్తనంటే
కింద నేల ఉందో లేదో తెలియనంత.
నాకు నేల తెలియాలి.
రాయి ఎక్కడుందో అరికాలు చెబితేనే
మోకాలు వింటుంది.

మూడో జత తిరగేసి చూశాను.
అడుగున పళ్ళు చూపుడువేలి గోరంత లోతు,
ఎడం ఎడంగా, వంకర వంకరగా.
ఒత్తుగా ఉంటే వాన పడ్డ రోజు మూలపాడు ఎర్రమట్టి
వాటి సందుల్లో గారెపిండిలా ఇరుక్కుంటుంది,
ఆపైన అది బూటు కాదు, ముద్ద.
కొట్టు ముందు నున్నటి గ్రానైట్ మెట్టు మీద
చెంబెడు నీళ్ళు పోయమన్నాను.
నవ్వాడు గానీ పోశాడు.
కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తిపట్టి
ఒంటికాలి మీద నిలబడ్డాను
మిరపకాయ బజ్జీల బండి దగ్గరి జనమంతా చూస్తుండగా.
జారలేదు.

"అది కాదక్కా, ఇది చూడండి,
పక్కా వాటర్‌ప్రూఫ్. చుక్క లోపలికి రాదు."
"పై అంచులోంచి వస్తే?"
"అంత లోతుకి ఎందుకెళ్తారు?"

ఎందుకెళ్తారు!
బుడమేరు మమ్మల్నడిగి వచ్చిందా.
ఆ ఆదివారం మోకాళ్ళు, నడుము,
ఆపైన కొలవడం మానేశాం.
ఆఫీసువాళ్ళిచ్చిన రబ్బరు బూట్లు, చుక్క రానివ్వనివి,
వేసుకునే బయల్దేరాను.
పైనుంచి నిండాయి.
కాలికో బిందె కట్టుకున్నట్టు,
నెత్తిన ఇన్సులిన్ సంచీతో,
రెండు వీధులు ఈడ్చుకెళ్ళాను.
నీళ్ళను రానివ్వనిది
నీళ్ళను పోనివ్వదు కూడా.
మూడో వీధి మొదట్లో విప్పి వదిలేశాను, మునిగిపోయాయి.
తర్వాత ఎనిమిది రోజులు వట్టికాళ్ళు.
ఎడమ మడమలో గాజుపెంకు దిగిన చోటు
ఇప్పటికీ వాన రాబోతుంటే ముందు దానికే తెలుస్తుంది.

ఇదంతా జిలానీకి చెప్పలేదు.
"వచ్చిన నీళ్ళు పోయే దారి చూపించు" అన్నాను, అంతే.
కాసేపు ఊరుకున్నాడు.
మూడో జతలో ఒకటి తీసి ట్యూబులైటుకి అడ్డం పెట్టాడు.
అల్లికలోంచి వెలుతురు సన్నగా, ఇసుకలా రాలింది.
"మాది పాయకాపురం అక్కా" అన్నాడు.
బేరమాడకుండానే మూడొందలు తగ్గించాడు.

గవర్నరుపేట మలుపులో ఏసోబు
బూటును రెండుగా వంచి, అతుకు వాసన చూసి,
బొటనవేలి దగ్గర గోటితో గీశాడు.
"ఆరు నెలలకి ఇక్కడ నోరు తెరుస్తుందమ్మా. ఇప్పుడే దారం వేస్తాను."
కొత్తదానికి కుట్టేంటయ్యా అన్నాను.
"కొత్తగా ఉన్నన్నాళ్ళే అది మీ బూటు,
ఆ తర్వాత నాదే కదా" అన్నాడు
మైనం పూసిన దారం పళ్ళతో తెంపుతూ.

మొన్న ఆదివారం, మూలపాడు వంక.
రాత్రి కురిసిన నీళ్ళు చీలమండ దాటి పారుతున్నాయి.
దిగాను. నిండాయి.
గట్టెక్కాను, పచక్ పచక్.
లెక్కపెట్టుకుంటూ పరుగెత్తాను.
నాలుగు, అయిదు, చిల్లకంప తప్పించి ఆరు,
తొమ్మిది దగ్గర చప్పుడు పలచబడింది,
పదకొండుకి ఆగింది.

వెనక్కి చూస్తే
మా డాక్టరు సుగుణమణి గారు ఇంకా అవతలి గట్టునే ఉన్నారు,
ఎనిమిది వేల బూట్లు
రెండూ చంకలో పెట్టుకుని.