పది బిల్లలు

యాకుత్‌పురా స్టేషన్ వెనక సందులో
డయాలసిస్ సెంటర్. పది మంచాలు.
నా లాప్‌టాప్‌కి తన బల్ల మీద
రిజిస్టర్ జరిపి జానెడు జాగా ఇచ్చాడు బాలనర్సయ్య.

మొదటి రోజు
నా అప్లికేషన్ వెళ్ళి తలుపు కొట్టింది.
కనెక్షన్ రెఫ్యూజ్డ్. ఎర్రటి వరస.
చిరునామా దగ్గర లోకల్‌హోస్ట్ అని రాశాను మరి,
నీ ఇంట్లోనే చూసుకో అని దానర్థం.
డేటాబేస్ ఉన్నది మేడ మీది గదిలో, వేరే మిషన్లో.
ఇది తన ఇల్లే నాలుగు మూలలా వెతికి
ఎవరూ లేరని వచ్చి చెప్పింది, పాపం.

చిరునామా దిద్దాను. పోర్టు నంబరు సరిచూశాను.
ఈసారి పాస్‌వర్డ్‌లో సోకుగా పెట్టుకున్న ఎట్ గుర్తు
వాక్యాన్ని మధ్యకు విరిచింది.
గుర్తు దాకా పాస్‌వర్డనుకుని, తర్వాతది ఊరనుకుని
లేని ఊరికి బయల్దేరింది.
నాలుగు చాయ్‌లు చల్లారాయి.
రైలు వెళ్ళిన ప్రతిసారీ
బల్ల మీద గ్లాసులు సన్నగా వణికాయి.
ఐదో చాయ్‌కి, చప్పుడు లేకుండా,
కలిసింది.

ఆయన చదువుతుంటే నేను ఎక్కించాను.
కనకలక్ష్మి, కనకలచ్చిమి, కె. లక్ష్మి.
"ముగ్గురు కాదు బిడ్డా, ఒక్కతే.
మంగళారం, శుక్రారం వస్తది. సూది ఎడమ చేతికి."
మనిషికో నంబరిచ్చాను.
పేరు ఒక్క పట్టికలోనే ఉంటుంది,
వంతుల పట్టికలో ఈ నంబరు చాలన్నాను.
"మరి పిలిచేటప్పుడు?"
అప్పుడు రెండు పట్టికలూ కలుపుతానన్నాను.
"కలుపు, మర్చిపోకు.
నంబరుతోని పిలిస్తే అఫ్సరున్నీసా పలకదు."

సోమవారం పొద్దున మొదలుపెట్టాం.
పది పేర్లు గలగలా పోయాయి.
పదకొండో పేరు దగ్గర
తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది.
వరండాలో జనం. నా వీపు మీద చెమట.
బాలనర్సయ్య ఏమీ అనకుండా
పాత రిజిస్టర్ తెరిచి
అఫ్సరున్నీసా పేరు పెన్నుతో రాశాడు.

మధ్యాహ్నానికి దొరికింది.
పని పడ్డప్పుడల్లా ఒక కనెక్షన్ తీసుకున్నాను,
పనయ్యాక మూయలేదు.
ఉన్నవే పది.
పదీ నా చేతిలోనే పట్టుకుని
పదకొండోదానికి నేనే నిలబడ్డాను వరసలో.

విని, సొరుగు లాగాడు.
సుతిలి తాడుకు గుచ్చిన ఇత్తడి బిల్లలు.
"లోపలికి పొయ్యేటోడు ఒకటి తీస్కపోవాలె,
వచ్చేటప్పుడు ఇచ్చిపోవాలె.
ఇయ్యకుంటే లైనెట్ల కదుల్తది?"

తొమ్మిదే ఉన్నాయి ఇత్తడివి.
పదోది అట్టముక్క,
నీలం సిరాతో పది అని అంకె.
"గౌసుద్దీన్ సాబ్ షేర్వానీ జేబుల్నే ఉండిపోయింది.
ఇంటికి పొయ్యిండు. మల్ల రాలే.
వాళ్ళింట్ల అడుగుడెట్ల?
నలభై దినాలు ఆగిన.
మంచం ఖాళీగుండె, బిల్ల లేకుండె.
గప్పుడు ఈ అట్ట కోసిన."

సాయంత్రం నా తప్పు దిద్దుకున్నాను.
ఒక్క వరస. తీసినచోటే మూసేది.
ఇంకో వరస కూడా రాశాను,
పట్టుకున్న చెయ్యి ఎంతకీ పలకకపోతే
మనమే వెనక్కి తీసేసుకోవడానికి.
"ఎంతసేపు ఆగుతది మీది?"
ముప్పై సెకన్లు, అన్నాను.

ఆయన నవ్వలేదు.
అట్టముక్కని మళ్ళీ తాడుకు గుచ్చి
ఇత్తడి బిల్లల మధ్యలోకి జరిపాడు.

సందులో దీపాలు వెలిగాక, ఎవరూ చూడకుండా,
ముప్పైని అరవై చేశాను.
దానివల్ల ఏ ఉపయోగమూ లేదు.