మోత

ఏటుకూరు రోడ్డులో మా ల్యాబు కిటికీ తీస్తే తుమ్ము.
మార్చి వచ్చిందంటే గాలి కూడా కారమే గుంటూరులో.
సందులన్నీ తడిగుడ్డతో మూశాం,
ఒక్క నలుసు చాలు
మా కెమెరా కన్ను గుడ్డిదవడానికి.

కేజీ మూడొందల గ్రాముల పెట్టె మాది.
పంటకాలవల్లో నీరెంతుందో పైనుంచి చూసి చెప్పాలి.
లోపలి కెమెరాని మేం పేలోడ్ అంటాం.
జోజిబాబు మామయ్య మాత్రం "మోత ఎంతరా?" అని అడిగాడు.
మిర్చి యార్డులో ముప్పై ఏళ్లు టిక్కీలెత్తిన మెడ ఆయనది.
చెప్పగానే నవ్వాడు,
"దీనికి కూలెంతిస్తారు?"

వణికే బల్ల మీద బిగించి కుదిపాం దాన్ని,
రాకెట్టెక్కితే ఎట్లా ఊగుతుందో అట్లా.
నిలువుగా, అడ్డంగా, మళ్లీ నిలువుగా.
మూడో రోజు ఒక మర ఊడింది.
కొల్లిపర మేడం తిట్టలేదు.
"ఇక్కడే ఊడింది, నయం" అంటూ
ఆ మరని అగ్గిపెట్టెలో దాచుకున్నారు.

తర్వాత, అరువు తెచ్చిన శూన్యపు గది.
బయట ముప్పై మూడు, లోపల మైనస్ ఇరవై.
గుండ్రటి గాజులోంచి చూస్తూ
చెమటకి తడిసిన చొక్కాతో
దాని చలిని గంటగంటకీ రాసుకున్నా.

పక్క బల్ల ఫర్జానాది.
ఆమెదీ పేలోడే. మాట ఒకటే,
మోసుకొచ్చేది విషం.
కరెంటు బిల్లనో పెళ్లి శుభలేఖనో పేరు పెట్టుకుని
ఫోన్లలో దూరే ఫైళ్లని
ఉత్తుత్తి కంప్యూటర్లో వదిలి చూస్తుంది.
"మహా తెలివైనవి" అంటుంది.
"చూస్తున్నామని పసిగడితే పడుకుంటాయి.
గడియారం చూసుకుంటాయి.
ఎవరూ లేరనుకున్నాక కళ్లు తెరిచి
ఎక్కడో దూరాన ఉన్న యజమానికి
వచ్చేశానని కబురు పెడతాయి."

టిక్కీ కొనేవాడు మూతి దగ్గర కాయ చూడడు.
మోచేతిదాకా చెయ్యి దూర్చి
అడుగున తాలుందా, తడుందా అని పిడికెడు లాగుతాడు.
ఫర్జానా తన ప్రోగ్రాముకి ఆ పేరే పెట్టింది, మోచెయ్యి.
గైడుకి నచ్చలేదు. థీసిస్‌లో ఇంగ్లీషు పేరుంది.

ఏప్రిల్ పదకొండు, కరెంటు రెండుసార్లు పోయిన సాయంత్రం,
సరదాకి మా పెట్టె ప్రోగ్రాము అడిగింది. ఇచ్చా.
టీ తాగి వచ్చేసరికి తెర ఎర్రగా ఉంది.
నూటికి తొంభై ఒక్క పాళ్లు హానికరం.

నేను నవ్వా. ఆమె నవ్వలేదు.
ఒక్కో వరసా వేలు పెట్టి చదివింది:
వదిలిన వెంటనే కదలదు.
ముప్పై నిమిషాలు చచ్చినట్టు పడుంటుంది.
గడియారం లెక్కపెట్టుకుంటుంది.
ఆ తర్వాత చేతులు చాపుతుంది,
ఎక్కడో దూరాన ఉన్న నేలకి
కబురు పెడుతుంది.

అది రూలు, అన్నా.
పక్కనే ఇంకో పది పెట్టెలుంటాయి,
తొందరపడి యాంటెన్నా చాపితే ఎవరికో తగులుతుంది.
మర్యాద అది.

"దొంగా అంతసేపే ఆగుతాడు కదా" అంది ఫర్జానా.
"మర్యాదా మాటూ ఒకే కొలతలో ఉన్నాయి.
నా మోచేతికి తేడా తెలియట్లేదు."

ఆ రాత్రి ఇద్దరం ఇళ్లకెళ్లలేదు.
అంకెలు అటు తిప్పితే మేం దొంగలం,
ఇటు తిప్పితే అసలు దొంగలు నలుగురు జారిపోయారు.

నాలుగింటికి యార్డు లారీల మోత మొదలైంది.
మామయ్యకి ఫోన్ చేశా, ఊరికే.
మూట ఎత్తగానే తెలుస్తుందా, లోపల మోసముంటే?
"భుజానికేం తెలుసురా. బరువు బరువే.
ఎవరి కొట్లో దింపమన్నాడో అది అడుగు ముందు."
వెనకెవరో కేకేశారు, పెట్టేశాడు.

ఫర్జానా బల్ల మీద తలవాల్చి నిద్రపోతోంది.
ఆమె కాగితాల మీద పెన్సిల్‌తో రాసిపెట్టా,
కబురు ఎవరికి?
లేపలేదు.

గాజు అవతల, చలిలో,
మా పెట్టె ఇరవై రెండో నిమిషంలో ఉంది.
ఇంకా ఏమీ అనలేదు.