ఇతరములు

స్టాక్‌హోమ్ నుంచి రెండు రాత్రుల రైలు.
సంచిలో నలభై ప్రశ్నలు, చెక్కిన పెన్సిళ్ళు ఆరు.
యాభై ఎనిమిది మార్చి. ఏరింకా గడ్డకట్టే ఉంది.
నేను రేడియో వాళ్ళ మనిషిని.

హిల్యా కంగస్ తలుపు తీసింది,
చేతులనిండా చేప పొలుసులు.
ఇంట్లో ఏ భాష మాట్లాడతారన్నాను.
"మా భాష" అంది.
స్వీడిష్‌కో గడి ఉంది, ఫిన్నిష్‌కో గడి ఉంది.
కాసేపు ఆగి
"జవాబు లేదు" అని రాసుకున్నాను.

ఏ కార్యక్రమం ఇష్టం?
కిటికీలోంచి అవతలి గట్టు చూపించింది, ఫిన్లాండు.
"పొద్దుటి వాతావరణం. అదీ వాళ్ళది వింటాం.
వాళ్ళ గాలే గంటకి మా మీదికొస్తుంది."
దానికి గడి వెతకలేక
అకార్డియన్ ఇష్టమేనా అని నేనే అందించాను.
నవ్వింది.
"మా మరిది వాయిస్తాడు, తాగినప్పుడు."
అవును దగ్గర గీటు పెట్టాను.

నివేదికలో అచ్చయింది:
ఉత్తరాది శ్రోతలు మితభాషులు, సంగీతప్రియులు.
దాన్నే పట్టుకుని విధానం రాశారు పైవాళ్ళు.
శనివారం శనివారం అరగంట అకార్డియన్,
పదకొండేళ్ళు.

ఉద్యోగం మానేశాక ఒక మే నెలలో
ఊరికే వెళ్ళాను.
ఆ వేళ శనివారమని నాకు గుర్తే లేదు.
వాద్యం ఎత్తుకోగానే హిల్యా లేచి
మీట కట్టేసింది.
"ఇప్పుడు విను."

చీకటి పడని ఆ రాత్రి
ఏటి మంచు పగులుతోంది,
ముందు ఎక్కడో ఎగువన,
తర్వాత మా మెట్ల కిందే.
ఆమె దాన్ని ఒక మాటతో పిలిచింది.
వాళ్ళ భాషలో.
మళ్ళీ అనమంటే మళ్ళీ అంది.

రాసుకుందామని జేబులు తడుముకున్నాను.
పెన్సిల్ లేదు.